మిరప కల్లంలో మూడు పేజీల వీడ్కోలు

ఆ రోజుల్లో మా వైపు సినిమాలు చూసేవాళ్ళే గానీ, తెర మీద మనుషులు మాట్లాడే మాటల్ని ఎవరో ఒకరు కూర్చుని రాస్తారన్న సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. నేను ఆ పనే చేస్తానని చెబితే మా నాన్న, “హీరో మాట్లాడుతూనే ఉన్నాడు కదమ్మాయ్, మళ్ళీ నువ్వు రాసేదేంటి?” అన్నాడు. తొంభైల చివర, గుంటూరులో నా డిగ్రీ ఆఖరి సంవత్సరం. నల్లపాడు అవతల ఉన్న మా ఊరి నుంచి కాలేజీకి బస్సులో వెళ్తూ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కథలు రాసేదాన్ని. (గతుకుల్లో అక్షరాలు గెంతేవి. ఒక పత్రికవాళ్ళు దస్తూరి బాగుచేసుకోమని సలహా రాసి మరీ కథ తిప్పి పంపారు.) అలాంటిది ఒక వారపత్రికలో నా కథ పడింది. అది చదివి హైదరాబాద్ నుంచి ఒక డైరెక్టర్ గారు ఉత్తరం రాశారు. దాన్ని అరగంట టెలిఫిల్మ్‌గా తీస్తారట, మాటలు నన్నే రాయమన్నారు, బాగుంటే తర్వాత తీయబోయే సీరియల్‌కి తన దగ్గర పనిచేయవచ్చన్నారు. నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, “టీవీలో నీ పేరు పడిందా, హైదరాబాద్ వెళ్ళు. పడలేదా, నోరెత్తకుండా బీఈడీ చెయ్యి” అని తేల్చేశాడు. బీఈడీ అంటే చెడ్డదని కాదు, మా వీధిలో అప్పటికే నలుగురు చేసి ఉన్నారు, అయిదోదాన్ని కావడం నాకిష్టం లేదు.

కథలో భర్త పని వెతుక్కుంటూ దూరం వెళ్ళిపోతాడు. ఆ వీడ్కోలు సీను మీదే నా ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. మూడు పేజీలు రాశాను. అందులో పాదాలున్నాయి, కన్నీళ్ళున్నాయి, రెండు చోట్ల చందమామ కూడా ఉన్నాడు. ఎక్కడ తీద్దామని డైరెక్టర్ గారు అడిగితే మా ఊరి ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి, “మా మిరప కల్లంలో తీద్దాం సార్, కాయ ఆరబోస్తే ఎర్ర తివాచీ పరిచినట్టుంటుంది” అని ఊరంతా వినేలా అరిచాను. ఆయన మురిసిపోయారు. ఒక్క సంగతి మాత్రం నేను చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, అసలు గుర్తే రాలేదు. పుట్టినప్పటి నుంచి ఆ మిరప ఘాటులోనే పెరిగినదాన్ని, నాకది ఎండాకాలం వాసన, అంతే.

షూటింగ్ రోజు నాన్న ఇంకో అడుగు ముందుకేశాడు. పొద్దున్నే కూలీలను పిలిచి, “టీవీవాళ్ళొస్తున్నారు, ఎరుపు బాగా కనపడాలి” అని కల్లమంతా కాయ తిరగేయించాడు. ఎండిన కాయ తిరగేస్తే లేచే ఘాటు మామూలుగా ఉండదు. సరిగ్గా అప్పుడే వ్యాను దిగింది. హీరోయిన్‌గా వేసే అమ్మాయి కళ్ళు బొటబొటా కారడం మొదలుపెట్టాయి. “అబ్బ, గ్లిజరిన్ అక్కర్లేదు!” అని డైరెక్టర్ గారు సంబరపడ్డారు. ఆ సంబరం ఆయనకి మొదటి దగ్గు వచ్చేదాకానే. కెమెరామన్ మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. హీరో గొంతు సవరించుకుని, “నిన్ను విడిచి వెళుతున్న ఈ పాదాలు...” అని ఆగి, పెద్దగా తుమ్మాడు. మళ్ళీ పాదాలు, మళ్ళీ తుమ్ము. ఆరుసార్లు తీసినా పాదాలు దాటి ముందుకు వెళ్ళలేకపోయాం. చందమామ ఇంకా రెండో పేజీలో ఉన్నాడు.

తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి పగలబడి నవ్వుతున్నారు. డైరెక్టర్ గారు నా దగ్గరికొచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో, “ఈ సీనులో మాటలు తీసేద్దామమ్మా” అన్నారు.

“మూడు పేజీలు సార్!”

“ఎవరు చెప్తారమ్మా మూడు పేజీలు? మీ నాన్నగారు చెప్తారా?”

అవతల నిలబడ్డ నాన్న తుమ్మకుండా, దగ్గకుండా, “చెప్పమంటే చెప్తానండి, అదెంత పని” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. (ఘాటుకి కాదు, మనస్ఫూర్తిగా.) కథకి ప్రాణం ఆ సీనే. అందులోనే నా మాటలు పనికిరాలేదంటే మిగతా సీన్లు కూడా ఇంకెవరితోనో రాయించుకుంటారు, ఇక నా పేరెందుకు వేస్తారు? వెళ్ళి తొడిమల రాశి పక్కన కూలబడ్డాను. కూలీలను కూడగట్టుకొచ్చే పెద్దావిడ ఒకామె ఉండేది, అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, “ఏందమ్మాయ్, ఆ కాగితాలన్నీ ఎళ్ళేవోడు పెళ్ళాంతో చెప్పే మాటలేనా?” అంది.

“అవును.”

“ఓరి నాయనో! అన్ని చెప్పేవోడు ఇంకెళ్ళేదెప్పుడు? బస్సెళ్ళిపోద్ది.”

ఆడవాళ్ళు మళ్ళీ ఘొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండి, “మరి మీ ఆయన వెళ్ళేటప్పుడు ఏం చెప్పాడేంటి?” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను, ఆయన పనికని వెళ్ళి మళ్ళీ రాలేదని అందరికీ తెలుసు.

ఆవిడ మాత్రం మామూలుగానే చెప్పింది. “తడికేసుకో, కుక్కలొస్తాయి అన్నాడు. అంతే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కల్లం చివర కాపలా పాక ఉంది, దానికో తడిక ఉంది. నేను పరుగెత్తాను. “సార్, ఒకే ఒక్క ముక్క చెప్పగలరా హీరో గారు?” “ఒక్కటైతే తుమ్ము వచ్చేలోపు చెప్పించొచ్చు” అన్నారు డైరెక్టర్ గారు. హీరో పాక గుమ్మంలో సంచి భుజాన వేసుకుని, “తడికేసుకో, కుక్కలొస్తాయి” అని తిరిగి నడిచాడు. (నాలుగడుగులు వేశాక తుమ్మాడు, అది కత్తిరించారు.) ఆ అమ్మాయి కాసేపు చూసి తడిక లాగేసుకుంది. అంతే సీను. ఆ మాట నాది కాదని డైరెక్టర్ గారికి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ దగ్గొచ్చినట్టు నటించి ఊరుకున్నాను. చిత్రమేమిటంటే, ఆ రోజు కల్లంలో అబద్ధంగా దగ్గింది నేనొక్కదాన్నే.

టీవీలో వచ్చిన రోజు మా ఇంట్లో వీధంతా కూర్చుంది. ‘మాటలు’ అని పడి, కింద నా పేరు పడింది. నాన్న మీసం దువ్వుకున్నాడు. హైదరాబాద్ ఖాయమని నాకు అర్థమైంది. ఆ వీడ్కోలు సీను రాగానే మేస్త్రమ్మ గభాలున లేచి, “ఓయమ్మో, అది నా మొగుడి మాట! మజ్జెన ఈ పిల్ల పేరేశారేందీ?” అంది, అందరి ముందూ. నేను తల దించుకుని, “నీ దగ్గరే విన్నాను, చెప్పకుండా వాడుకున్నాను, తప్పే” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “నా దగ్గర ఇంకా శానా ఉండాయి. రేప్పొద్దున కల్లానికి రా. ఊరికే కూర్చుని రాసుకుంటే కుదరదు, నువ్వూ తొడిమలు తీస్తా రాసుకో” అంది.

హైదరాబాద్ వెళ్ళేదాకా ఆ వేసవంతా అదే నా పని. ఒక చేత్తో తొడిమలు, ఒక చేత్తో పెన్ను. కళ్ళు నలుపుకుని ఎన్నిసార్లు బావి దగ్గరికి పరుగెత్తానో లెక్కలేదు. రాసిన కాగితాలన్నిటి మీదా ఎర్రటి వేలిముద్రలే.

ఇప్పుడూ సీరియల్‌కి మాటలు రాస్తూనే ఉన్నాను, ఆలస్యంగా పుట్టిన మా పాప నిద్రపోయాక. (కాసేపటికోసారి లేచి నుదురు తాకి చూస్తాను, జ్వరమేమోనని. జ్వరం ఉండదు.) పాపని ముట్టుకునే చేతులు కదాని ఇంట్లో ఎండుమిరపకాయ తుంచాల్సి వచ్చినా మా ఆయన్నే పిలుస్తాను. తుంచాక ఆయన చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగిస్తాను. మండే చేతులతో, కారే కళ్ళతో, ఇంకొక్క మాట చెప్పమని మేస్త్రమ్మ వెంటపడిన అప్పటి పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఎంత నవ్వుకుంటుందో.