నా వంతు వచనం

ఈ సాయంత్రం మా పాప కథ చదవడం పూర్తిచేసి, పుస్తకం మూసి, నవ్వుతూ "ఎంత పట్టింది మమ్మీ?" అని అడిగిన ఆ క్షణంలోనే నాకు ఒక కొత్త భయం వేసింది. కథలో జోరున వాన కురుస్తుంటే ఏరు దాటుతున్న మందలోంచి ఒక మేకపిల్ల తప్పిపోతుంది, చీకటి పడుతుంది, తల్లిమేక ఒడ్డునే నిలబడి అరుస్తూ ఉంటుంది. ఫోను చేత్తో పట్టుకుని సెకన్లు చూస్తున్న నేనే ఒకచోట అంకెలు మరిచిపోయి కథలో పడిపోయాను గానీ, గడగడా చదువుకుపోతున్న పాప ముఖంలో ఏ మార్పూ లేదు. "బాగా చదివావు తల్లీ, ఇంతకీ మేకపిల్ల దొరికిందా?" అన్నాను. అది నా వైపు చూసింది, మూసిన పుస్తకం వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసి, "ఏ మేకపిల్ల?" అంది.

రేపు పొద్దున్నే దానికి స్కూల్లో రీడింగ్ టెస్టు. నాలుగో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నారో చూసి, వేగం చాలనివాళ్ళని వేరే సెక్షన్‌లో వేస్తామని పేరెంట్స్ మీటింగులో చెప్పారు. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు నిద్ర సరిగా లేదు. రోజూ స్కూలు నుంచి రాగానే పాలు తాగించి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చదివించడం మొదలుపెట్టాను. వేగం పెరుగుతూ వచ్చింది. పెరిగినకొద్దీ సంతోషపడ్డాను, ఆదివారం గుడి దగ్గర కలిసినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఇన్నాళ్ళలో ఏం చదివావని ఒక్కరోజు కూడా దాన్ని అడగలేదన్న సంగతి ఈ సాయంత్రం దాకా నాకు తట్టనే లేదు.

మా అత్తగారు వంటింట్లోంచి, "పిల్ల రైలుబండిలా చదువుతుంటే ఇంకా ఏంటమ్మా నీ బాధ? రేపు నీకూ పెడతారేంటి పరీక్ష?" అన్నారు. నేను పాపని దగ్గరికి తీసుకుని, క్లాసులో ఎలా చదివిస్తారే అని మెల్లగా అడిగాను. పాప కళ్ళనీళ్ళు పెట్టుకుని, "బెంచీ వరసలో తలా ఒక పేరా చదువుతాం మమ్మీ. నేను ముందే లెక్కపెట్టుకుని నా పేరా ప్రాక్టీసు చేసేసుకుంటాను. మిస్ ఏమీ అడగరు, తప్పు లేకుండా చదివితే గుడ్ అంటారంతే" అంది.

ఆ మాటతో నేను పాతికేళ్ళ వెనక్కి వెళ్ళిపోయాను. నా ఈడువాళ్ళకి, ముఖ్యంగా మా క్రైస్తవ సంఘాల ఇళ్ళలో పెరిగినవాళ్ళకి, దీపాలు పెట్టే వేళకి జరిగే కుటుంబ ప్రార్థన గుర్తుండే ఉంటుంది. రామచంద్రపురం దాటాక కాలవ గట్టు మీద మా ఊళ్ళో, ముందు గదిలో ఈతాకుల చాప పరిచి అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఒక పాట, తరవాత బైబిల్లోంచి ఒక అధ్యాయం, తలా ఒక వచనం చొప్పున వరసగా. నాన్నతో మొదలై, అమ్మ, అన్నయ్య, నేను, నానమ్మ, మళ్ళీ నాన్న. చదువురాని మా నానమ్మ తన వంతు వచ్చినప్పుడు నోటికొచ్చిన వచనం ఏదో ఒకటి చెప్పేసేది, దానికెవరూ అభ్యంతరం చెప్పేవాళ్ళు కాదు. అధ్యాయం తెరవగానే పిల్లలం చేసే మొదటి పని మన వంతుకి వచ్చే వచనం ఏదో లెక్కపెట్టుకోవడం. పొడుగు వచనం వస్తుందా, నోరు తిరగని పేర్లున్నది వస్తుందా అని గుండె దడదడలాడేది. వంతు వచ్చేదాకా దాన్నే పెదవులతో మననం చేసుకుంటూ, వంతు రాగానే తడబడకుండా చదివేసి, అమ్మయ్య అనుకుని తరవాతి వంతు లెక్కలో పడిపోయేవాళ్ళం. అలా ఎన్ని అధ్యాయాలు పూర్తిచేశామో గానీ, మధ్యలో ఎవరు ఏం చదివారో మాకెవరికీ తెలిసేది కాదు. గుళ్ళో వాక్యం చదవడానికి మాత్రం నన్నే నిలబెట్టేవారు, అంత గడగడా వచ్చేది నాకు చదవడం.

అలాంటి నేను ఏడో తరగతిలో అర్ధసంవత్సరం పరీక్షల్లో తెలుగు పేపరులో ఇచ్చిన గద్యభాగం చదివి, కింది ప్రశ్నలకి అందులోని వాక్యాలే ఎక్కడివక్కడ ఎత్తి రాసేశాను. ప్రతి జవాబూ తప్పే. లెక్కల్లోనూ, సోషల్లోనూ అదే కథ. ప్రశ్న చదివేదాన్ని, ఏం అడిగారో మాత్రం పట్టేది కాదు. ఆ రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష. హెడ్మాస్టరు పిలిచి చెప్పాక, మిల్లులో గుమాస్తాగా చేసే మా నాన్న ఇంటికొచ్చి, పాసవకపోతే చదువు మాన్పించి అమ్మతోపాటు లేసు అల్లికకి కూర్చోబెడతానన్నారు. ఆయన కోపంగా అని ఉంటే నేనంత భయపడేదాన్ని కాదు. బాధగా, నేల చూస్తూ అన్నారు.

మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, మిషను ఆసుపత్రిలో నర్సు. అప్పుడే మా దగ్గరికి బదిలీ అయి, డ్యూటీ దిగాక రోజూ మా ఇంటికి వచ్చేది. ఒక సాయంత్రం ప్రార్థనకి కూర్చోగానే, ఈరోజు వంతు అటునుంచి కాకుండా ఇటునుంచి మొదలుపెడదాం అంది. నేను సిద్ధం చేసుకున్న వచనం నాకు రాలేదు, అయినా వచ్చినదాన్ని తడబడకుండానే చదివాను. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపి, "ఇందాక అన్నయ్య ఏం చదివాడమ్మా?" అని అడిగింది. నాకు తెలియదు. అన్నయ్యని, "చెల్లి ఏం చదివిందిరా?" అంది. వాడికీ తెలియదు. "మరి మీరు చెప్పండి మరిదిగారూ" అని నాన్న వైపు తిరిగింది. నాన్న దగ్గి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆయ్, నాదీ అదే బాపతండి వదినగారూ" అన్నారు. నానమ్మ ఒక్కతే, తనకి చదవడం రాదు కాబట్టి అందరి వచనాలూ విన్న మనిషి, మొదటినుంచీ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది.

మర్నాటినుంచి పెద్దమ్మ నా చదువు చేతిలోకి తీసుకుంది. ఆవిడ జాకెట్టుకి తలకిందులుగా వేలాడే నర్సుల వాచీ ఒకటి ఉండేది. పాఠం తెరిపించి, నన్ను మనసులోనే చదువుకోమని, వాచీలో నిమిషం కాగానే ఆపించి, ఆగిన లైను దగ్గర పెన్సిలుతో చిన్న గీత పెట్టించేది. తరవాత పుస్తకం మూయించి, చదివింది నా మాటల్లో చెప్పమనేది. ఎంతవరకు చెప్పగలిగితే అంతవరకే చదివినట్టు. మిగతా లైన్లు లెక్కలోకి రావు, పెన్సిలు గీత వెనక్కి జరగాల్సిందే. పెదవులు కదిలితే అంతకన్నా వేగంగా కళ్ళు వెళ్ళలేవని, వాటి మధ్య ఒక చింతపిక్క పెట్టించేది. అది పడిపోతే అన్నయ్య పడీపడీ నవ్వేవాడు. చదివేసిన లైను మీదికి మళ్ళీ మళ్ళీ వెనక్కి పోకుండా ఒక కార్డు ముక్క కప్పుకుంటూ రమ్మనేది. అన్నిటికన్నా విచిత్రం, నేను చదువుతున్నంతసేపూ నా మణికట్టు పట్టుకుని నాడి చూసేది. నాడి పరుగెత్తిందంటే పుస్తకం మూసేయమనేది. "కంగారులో చదివింది లోపలికి దిగదే పిచ్చిదానా. ముందు ఊపిరి పీల్చుకో, పేపరు ఎక్కడికీ పారిపోదు" అనేది.

ఇలా చేస్తే నా వేగం పెరగాలి కదా. తగ్గిపోయింది! అర్థం చేసుకుంటూ చదవడం మొదలుపెట్టేసరికి, వరదలా పరుగెత్తే నా చదువు ఎండాకాలపు పంటకాలవలా అయిపోయింది. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నాన్న గుమ్మం దగ్గర నిలబడి, నేను ఒక్క పేజీ దగ్గరే ఆగిపోవడం చూసి చూసి, ఒకరోజు ఇక ఉండబట్టలేక, "వదినగారూ, ఏమనుకోకండి, ఉన్న స్పీడు కూడా పోయిందండి పిల్లకి" అన్నారు. పెద్దమ్మ నవ్వలేదు. అమ్మ లేసు సూది ఆపేసి అక్క ముఖంలోకి చూసింది. పెద్దమ్మకీ భయంగానే ఉందని నాకు అర్థమైంది, ఎందుకంటే నా మణికట్టు మీద ఆవిడ వేళ్ళు చల్లగా అయిపోయాయి. అయినా గొంతు మారకుండా, "జ్వరం దిగేటప్పుడు నీరసం వస్తుందండి, దాన్ని చూసి మందు మానేయం కదా" అని, "ఊఁ, తరవాతి పేరా చదువు" అంది.

మెల్లమెల్లగా పెన్సిలు గీతలు కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఈసారి చెప్పలేక వెనక్కి జరపాల్సిన లైన్లు ఒకటీ అరా తప్ప ఉండేవి కావు. ముందు ప్రశ్నలు చూసుకుని తరవాత గద్యం చదవడం, కథలాంటిదైతే చకచకా వెళ్ళడం, లెక్క అయితే ప్రతి మాట దగ్గరా నిలబడటం, ఇవన్నీ ఆవిడ వేరే పాఠాలుగా చెప్పలేదు, పక్కన కూర్చోవడంలోనే వచ్చేశాయి. పబ్లిక్ పరీక్షలో తెలుగు పేపరు ఇచ్చారు. గద్యభాగం రెండు లైన్లు చదివాను, ఏమీ దిగలేదు. ముందు బెంచీ అమ్మాయి అప్పుడే జవాబులు రాసేస్తోంది. కళ్ళు మూసుకున్నాను, ఊపిరి పీల్చుకున్నాను, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆఖరి గంట కొట్టేసరికి చివరి ప్రశ్న ఒకటి మిగిలిపోయింది గానీ, రాసినవన్నీ అడిగినవాటికే రాశానని నాకు తెలుసు. పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు. తరవాత రాజమండ్రిలో డిగ్రీ దాకా వెళ్ళగలిగానంటే అది పెద్దమ్మ పక్కన కూర్చున్న ఆ నెలల చలవే.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. పాప, దాని చెల్లెలు నిద్రపోయాక కూర్చుని ఇదంతా రాస్తుంటే, ఆవిడ ఉండి ఉంటే నన్ను ఏమనేదో అనిపిస్తోంది. రేపటి టెస్టు కోసం ఈ ఒక్క రాత్రిలో నేను చేయగలిగిందేమీ లేదు. అర్థం చేసుకుంటూ చదవమని చెబితే పాప వేగం తగ్గుతుంది, అది నాకు అనుభవమే. చెప్పకపోతే టెస్టు గట్టెక్కుతుంది, తరవాత ఎన్నేళ్ళు అది ఏమీ తెలియకుండా పేజీలు తిప్పుతూ పోతుందో. మా ఆయన భోంచేసి పడుకోబోతూ, "రేపొక్కరోజు పోనీయవే, ఎల్లుండి నుంచి నేర్పుదువుగాని" అన్నారు. ఆ మాటా కాదనలేకపోతున్నాను.

మా రోజుల్లో వాచీ ఊరికి నలుగురి చేతులకి ఉండేదేమో, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ సెకన్లు పరుగెత్తుతూనే ఉన్నాయి. పిల్లలు మనకన్నా ఎక్కువే చదువుతున్నారు, తొందరగానే చదువుతున్నారు. పక్కన కూర్చుని, ఇంతకీ ఏమైందే అని అడిగి, వాళ్ళు తడుముకుంటుంటే ఓపిగ్గా వినే మనుషులే తగ్గిపోయారు. అలాంటి మనిషి నేనే అయి ఉండాల్సింది.

తెల్లవారింది. స్కూలు బస్సుకి ఇంకా కాస్త టైముంది. జడలు వేస్తూ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అక్క టెస్టు కాబట్టి చిన్నది కూడా బుద్ధిగా కూర్చుంది. "పాపా, ఈరోజు చదివేటప్పుడు ఏ మాటైనా అర్థం కాకపోతే ఆగు. మిస్ టైము చూస్తున్నా సరే ఆగు, ఇదేంటండి మిస్ అని అడుగు" అన్నాను. "స్లో అయిపోతే వేరే సెక్షన్‌లో వేసేస్తారు మమ్మీ" అంది. "వేస్తే వేయనీ తల్లీ. ఆ క్లాసు గుమ్మం దాకా నీ చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్తాను."