జడ్జిగారి జావా డెమో

పాతికేళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఎంతోమందిని బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించాను. ఒక్కసారి మాత్రం కుర్చీ దిగకుండానే నేను బోనెక్కాను. అదీ ఏ నేరానికి? కంప్యూటర్ క్లాసు ఎగ్గొట్టిన నేరానికి! నవ్వకండి. ఆ పూట నా ఉద్యోగం గాలిలో దీపమైంది.

అమీర్‌పేటలో గోడ ఉంటే దానిమీద జావా అనే కంప్యూటర్ కోర్సు పోస్టరు, మనిషి ఉంటే వాడి చేతిలో జావా పాంప్లెటు ఉన్న రోజులవి. నేను కొత్తగా జూనియర్ సివిల్ జడ్జినయ్యాను. తణుకు నుంచి వచ్చి పంజాగుట్టలో ఓ అద్దె వాటాలో దిగాం, నేనూ మా ఆవిడ భారతీ. నల్లకోటు తొడుక్కుని కుర్చీలో కూర్చుంటే చాలు, సత్యం తనంతట తానే వచ్చి నా ముందు చేతులు కట్టుకు నిలబడుతుందని నాకో గట్టి నమ్మకం.

అలాంటి నా ముందుకు డేవిడ్ గారి కేసొచ్చింది. ఆయనకి అమీర్‌పేటలో కళ్లజోళ్ల దుకాణం. పై అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. వాళ్లు తమ బోర్డు ఎంత కిందికి వేలాడదీశారంటే, ఆయన బోర్డు కాస్తా మాయమైంది.

"ఊరందరికీ చూపు అమర్చేవాణ్ణి సార్. నా కొట్టు ఒక్కడికీ కనపడట్లేదు!" అని ఆయన మొర.

"పచ్చి అబద్ధం యువర్ ఆనర్! మా బోర్డు ఆయన బోర్డుకి జానెడు పైనే ఉంది" అని ఇన్‌స్టిట్యూట్ లాయరు.

ఇద్దరూ ఫోటోలు పెట్టారు. ఒకదాంట్లో ఆ బోర్డు నేలని ముద్దాడుతోంది. రెండోదాంట్లో గాలిపటంలా ఆకాశంలో ఉంది.

ఇలాంటప్పుడు ఓ లాయరుని కమిషనర్‌గా పంపి చూసి రమ్మనాలి. లేదా రెండు పక్షాలకీ నోటీసిచ్చి, అందరి ఎదుటా జడ్జే వెళ్లి చూడాలి. చాటుగా వెళ్లడం మాత్రం మహా తప్పు. ఇది లా కాలేజీలో మొదటి నెల చెప్పే పాఠం. నాకూ తెలుసు. కానీ కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, వాది ప్రతివాదులకి లేని దురద జడ్జీకి పుట్టింది.

ఆదివారం పొద్దున్నే గళ్లచొక్కా వేసి, సంచి పట్టుకుని బయల్దేరాను.

"ఎక్కడికండీ?" అంది భారతి.

"కూరగాయలకి. అమీర్‌పేట వైపు."

"మన వీధి చివరే బండి ఉండగా అమీర్‌పేట దాకా ఏంటి?"

"అక్కడ బెండకాయలు లేతగా ఉంటాయిట."

ఉద్యోగంలో చేరాక నేనాడిన మొదటి అబద్ధం. దానికి శిక్ష అరగంటలోనే మొదలైంది.

రోడ్డవతల నించుని చూశాను. డేవిడ్ గారి బోర్డులో ఒక్క అక్షరం కనపడితే ఒట్టు! సరే, కేసు తేలిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు కదా? పోలేదు. జానతో కొలిచి చూడాలని బుద్ధి పుట్టి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను. నాలుగో మెట్టు మీంచి బోర్డు వైపు వంగి కొలుస్తుంటే పైనుంచి ఓ ఆడపిల్ల కేకేసింది.

"అన్నా, డెమోకా? జర జల్ది రాండ్రి, షురూ అయితున్నది!"

ఆ పిల్ల పేరు రజిత. వచ్చినవాళ్లకి డెమో అని ఓ నమూనా క్లాసు చూపించి, కోర్సుల్లో చేర్పించే కౌన్సిలర్.

"కాదమ్మా, ఊరికే చూద్దామని..."

"చూసేదానికే గదన్నా డెమో! ఫ్రీనే, ఫికర్ చేయకుండ్రి."

వెనకనుంచి ఓ పాతికమంది కుర్రాళ్లు తోసుకొచ్చారు. వరదలో కొట్టుకొచ్చిన గడ్డివాములా లోపలికెళ్లి పడ్డాను. రజిత ఫారం తీసింది.

"ఇప్పుడేం చేస్తున్నరన్నా?"

జడ్జినని చెప్పలేను. మళ్లీ అబద్ధమాడలేను.

"వినే పనమ్మా" అన్నాను. "జనం ఫిర్యాదులు చెబుతుంటారు, నేను వింటుంటాను."

"కాల్ సెంటరా! గా పనిల ఎన్నేండ్లు ఉంటరు?"

"అరవై వచ్చేదాకా."

"అయ్యో పాపం! జావా నేర్చుకోండ్రి అన్నా, బతికిపోతరు."

ఫారంలో నా అసలు పేరే రాశాను. దొంగపేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ రోజు మొత్తమ్మీద నేను పాటించిన చట్టం అదొక్కటే.

పోనీ డెమోలో నోరు మూసుకు కూర్చున్నానా? మాస్టారు బోర్డు మీద 'ఇన్‌హెరిటెన్స్' అని రాసి, "తండ్రి దగ్గరున్నవన్నీ పిల్లకి ఆటోమేటిగ్గా వచ్చేస్తాయి" అన్నాడు. వారసత్వ చట్టంలో నాకు యూనివర్సిటీ ఫస్టు! ఊరుకుంటానా?

"తండ్రి బతికుండగానే ఎలా వస్తాయండీ? అది స్వార్జితమా, పిత్రార్జితమా?"

"ఇది కుటుంబం కాదు సార్, క్లాసు!"

"క్లాసయితే మాత్రం? వీలునామా ఉందా?"

హాలంతా ఒకటే గోల. నన్నిక ఈ జన్మలో ఎవరూ మరిచిపోరని నాకప్పుడు తట్టలేదు.

రెండు వారాల తర్వాత సాక్ష్యాలు మొదలయ్యాయి. డేవిడ్ గారి వంతు అయ్యాక ఇన్‌స్టిట్యూట్ తరఫు మొదటి సాక్షిని పిలిచారు. బోనెక్కింది రజిత! నేను ఫైల్లో తల దూర్చాను. ఆ ఫైలు చిన్నది, నా తల పెద్దది. అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసి, ఆ పిల్ల తలెత్తింది.

"అన్నా! మీరా?"

బెంచీల్లో ఉన్నవాళ్లంతా తలలు నావైపు తిప్పారు.

"యువర్ ఆనర్ అనాలమ్మా" అన్నాడు లాయరు.

"గీయన మా జావా బ్యాచ్ సార్! డెమోకొచ్చి మస్తు డౌట్లు అడిగిండ్రు. మళ్ల క్లాసుకు రానే లేదు. రిజిస్టర్ల పేరు సుత ఉన్నది, అంతా ఆబ్సెంటే!"

డేవిడ్ గారు బెంచీలోంచి లేచి నిలబడ్డారు. "అంటే... జడ్జిగారు వాళ్ల స్టూడెంటా? ఇక నాకు న్యాయమెక్కడ సార్?"

ఆయన గొంతు వణికింది. అప్పటిదాకా నా పరువు గురించే చెమటలు పట్టాయి. ఆ వణుకు విన్నాక సిగ్గేసింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని ఈ కళ్లతో చూసినవాణ్ణి, ఆ ఒక్క మాటే చెప్పలేను. వేడి బజ్జీ నోట్లో పెట్టుకున్నవాడిలా మింగలేను, కక్కలేను.

చివరికి నిటారుగా కూర్చుని, అందరూ వినేలా చెప్పాను: "రెండు వారాల కిందట ఓ ఆదివారం నేనక్కడికి వెళ్లాను. ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. అది నా తప్పు. ఈ కేసు నేనిక వినకూడదు." ఆ ముక్కే ఫైల్లో రాసి సంతకం పెట్టి, తిన్నగా పెద్ద జడ్జి రాజ్యలక్ష్మి గారి గదికెళ్లాను. ఆవిడ దగ్గితే సీనియర్ లాయర్లకే జ్వరమొచ్చేది.

అంతా విన్నారు. "ఎవరైనా పిలిచారా నిన్ను?"

"లేదండి."

"నోటీసిచ్చావా?"

"లేదండి. నిజం కళ్లారా చూద్దామని..."

"కళ్లారా చూసినవాణ్ణి సాక్షి అంటారయ్యా, జడ్జి అనరు. అంత చూడాలనుంటే ఆ కుర్చీ దిగి బోనెక్కు."

కేసు మరో కోర్టుకి మార్చారు. అక్కడి జడ్జి పద్ధతిగా కమిషనర్‌ని పంపారు. బోర్డు పైకి లేచింది, డేవిడ్ గారి దుకాణం మళ్లీ లోకానికి కనపడింది. అదంతా తర్వాత. ఆ రోజు మాత్రం రాజీనామా ఎలా రాయాలా అనుకుంటూ తలుపు దాకా వెళ్లానో లేదో, ఆవిడ పిలిచారు.

"ఆగు. ఆ డెమోలో కంప్యూటర్ ఎలా ఆన్ చేయాలో చూపించారా?"

"చూపించారండి."

"అయితే ఇటు రా. నెలైంది ఇది ఇక్కడ పెట్టిపోయి. ముట్టుకునే ధైర్యం ఈ భవనంలో ఎవరికీ లేదు."

వెళ్లి మీట నొక్కాను. వెలిగింది. ఆవిడ మొహమూ వెలిగింది. ఆ ఏడాది నా సర్వీసు రికార్డులో ఆవిడ స్వహస్తాలతో రెండే మాటలు రాశారు: 'విచక్షణ తక్కువ. కంప్యూటర్ పరిజ్ఞానం ఎక్కువ.'

కాబట్టి, పాఠక మహాశయులారా, మీ అందరి ఎదుటా దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ తగాదా తేల్చడానికీ దొంగచాటుగా పరాయివాళ్ల మెట్లెక్కను. రిటైరైపోయాను, మోకాళ్లు కూడా సహకరించవు గనక ఈ మాట నిలబెట్టుకోవడం తేలికేననుకోండి. అయినా ప్రమాణం ప్రమాణమే.