ఖాళీ ట్రాకు మీద పడవ చప్పుడు

మా అమ్మాయి మీద ఒట్టండి. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నమ్మకపోతే మానేయండి గానీ, నవ్వకండి.

రాజమండ్రి దాటాక ఓ పార్కులో కర్రతో కట్టిన రోలర్ కోస్టర్ ఉంది. పేరు "వరద గోదారి". పెట్టెలన్నీ పడవల్లా చేశారు. కింద నీళ్లలా నీలం రేకులు. నేను అక్కడ వడ్రంగిని. పార్కు మూశాక ట్రాకంతా నడిచి, బోల్టులు చూస్తాను. పొద్దున్నే, అంతా బాగుందని కాగితం మీద నేను సంతకం పెడితేనే జనాన్ని ఎక్కిస్తారు.

ఓ సాయంత్రం చీకటి పడేసరికి కరెంటు పోయింది. నుదుటికి టార్చి కట్టుకుని ఎక్కాను. పెద్ద ఎత్తు మీద, శిఖరానికి కాస్త ఇవతల, సంచి పక్కన పెట్టి ఓ బోల్టు బిగిస్తున్నాను.

టక్... టక్... టక్...

బండిని పైకి లాగే గొలుసు చప్పుడు. కరెంటు లేదు కదండీ! కింద స్విచ్చుల దగ్గరుండే సునీతకి ఫోన్ చేశాను.

"అమ్మా, బండి వదిలావా?"

"లేదు బాబాయ్. నా ఎదురుగానే ఉంది. తాళం కూడా వేశాను. ఏం?"

కాళ్ల కింద పలక వణికింది. చప్పుడు దగ్గరికొచ్చేసింది. తడిసిన కర్ర వాసన... నెల రోజులుగా చినుకు లేదు. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. కళ్లు మూసేసుకున్నాను.

తర్వాత... ఏమీ లేదు.

కళ్లు తెరిచి చూస్తే, ఎత్తుకి అవతలి వైపు, దిగుడంతా అయిపోయిన చోట కూర్చుని ఉన్నాను. ఒంటి మీద గీత కూడా లేదు. సంచి మాత్రం పైన, ఇవతలే ఉండిపోయింది.

సునీత పరిగెత్తుకొచ్చింది.

"ఏంటి బాబాయ్ అది? నీ లైటు పైనుంచి సర్రున దిగిపోయింది! పడిపోయావనుకున్నా!"

"చప్పుడు విన్నావా?"

"ఏ చప్పుడు?"

పొద్దున్నే ట్రాకంతా మళ్లీ చూశాను. ఒక్క బోల్టు కూడా వదులుగా లేదు. మేనేజరు గారు కాగితం చేతికిచ్చారు. గేటు దగ్గర అప్పటికే పిల్లలు లైన్లో ఉన్నారు.

"ఏమైనా తేడా ఉందా?" అన్నారాయన.

ఏమని చెప్పనండి? కళ్లు తిరిగి జారాననుకుందామా? అంత ఎత్తు నుంచి జారినవాడికి దెబ్బ తగలదా? పెన్ను తీసుకున్నాను. చివరికి సంతకం చోట ఒక్క మాటే రాశాను...

"తెలీదు".