నా చీర, ఆమె కత్తెర

మా తోడికోడలి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు నోరు రాదు. పోనీ చెడ్డ మాటలు చెబుదామంటే అవి దొరకవు. పదకొండేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

ఆమె నా మరిది భార్య. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజుల్లో సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మా ముందుగదిలో కిటికీ పక్కన నా మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, గోడకు కొక్కేలు, కొక్కేలకు సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో ఇంటివాళ్ళ జాకెట్లు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఈ వీధి ఆడవాళ్ళందరికీ కుడుతున్నాను. ఎవరికి ఎడమ భుజం జారుగా ఉంటుందో, ఎవరు ఏ సంవత్సరం ఒళ్ళు చేశారో వాళ్ళ మొగుళ్ళకన్నా నాకే బాగా తెలుసు. పాపం, ఏమీ తోచక కూర్చుంటోంది కదా అని ఆమెకు హుక్కులు కుట్టడం, కాజాలు తియ్యడం, చీరకు ఫాల్ వెయ్యడం నేనే నేర్పాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

నేర్చుకున్నది అక్కడితో ఆగిందా? ఫోనులో వీడియోలు చూసింది, ఆరు నెలలు ఎక్కడికో వెళ్ళి డిజైనింగు నేర్చుకుంది, ఎదురు వాటాలో అద్దాల తలుపు పెట్టి షాపు తెరిచింది. అద్దం వెనక తల లేని బొమ్మ. దానికి రోజుకో వేషం. ఒకరోజు అనార్కలి, ఒకరోజు పొట్టి టాపూ పెద్ద లంగా, ఒకరోజు కుచ్చిళ్ళు ముందే కుట్టేసిన చీర. లంగాలా తొడుక్కుని కొంగు భుజాన వేసుకుంటే అయిపోయిందట. అది చూసి నేను పడీపడీ నవ్వాను. వీధి మాత్రం నవ్వలేదు, షాపు ముందు వరస కట్టింది. మెడ ఒక్క వేలు కిందికి దించితే ఒప్పుకోని బడి టీచరమ్మ కూడా, వీపున తాళ్ళూ కుచ్చులూ పెట్టించుకుని నా కిటికీ ముందునుంచే నడిచి వెళ్ళింది.

"ఏం టీచరమ్మా, గాలి బాగా ఆడుతోందా?" అన్నాను.

"హాయిగా ఆడుతోందండీ," అంది నవ్వుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయినా ఓర్చుకున్నాను. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. నా కూతురు మాత్రం నాది. పుట్టిన పదకొండో రోజు వేసిన చిన్న చొక్కా దగ్గర్నుంచి కాలేజీ చుడీదార్ల దాకా దాని ఒంటిమీద నా కుట్టు తప్ప మరొకరిది పడలేదు. అది హాస్టల్లో ఉండి చదువుతోంది. పరీక్షలయ్యాక, పట్టా ఇచ్చే రోజు దగ్గర పడుతుండగా ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ రోజుకి నీ నెమలికంఠం పట్టుచీర ఇస్తావా?"

"కట్టుకుంటావా తల్లీ! జాకెట్టు ఇవాళే మొదలుపెడతా."

"కట్టుకోనమ్మా. పిన్ని దాన్ని కోసి పొడుగు గౌను కుడతానంది. అంచు కిందకి, కొంగు చేతులకి వచ్చేలా బొమ్మ గీసి పంపింది. ఎంత బాగుందో!"

"నేను కుట్టలేనా గౌను?"

మెల్లగా, "నీకు జాకెట్లయితే బాగా వచ్చు కదమ్మా," అంది.

బీరువాలోంచి చీర తీసి ఎదురు షాపుకి నేనే పట్టుకెళ్ళాను. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, కత్తెర నాకు అందిస్తూ, "మొదటి కోత మీరు వెయ్యండక్కా," అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేశాను. వచ్చి మా కిటికీ తెర పక్కన నిలబడి, నా పెళ్ళినాటి చీరలోకి ఆమె కత్తెర దిగడం రెప్ప వెయ్యకుండా చూశాను. చెయ్యి వణకలేదు ఆమెకు. అదీ నా బాధ.

అంచూ కొంగూ వేరుచేశాక, ఒంటి భాగం కొయ్యడానికి మర్నాడు వచ్చి ఆది అడిగింది. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును కొలతకు ఇస్తే దాన్ని ఆది అంటాం. మనిషి ఊళ్ళో లేకపోయినా ఆది ఉంటే చాలు, కుట్టేస్తాం. నా కూతురి ఆదులు నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఈ ఏడాదిది. రెండోది మూడేళ్ళ కిందట, పిల్ల పుల్లలా ఉన్నప్పటిది. నేను రెండోదాన్ని శుభ్రంగా ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాను.

పిల్ల పరువు తియ్యాలని కాదు. గౌను బిగుతవుతుంది, పిల్ల బిక్కమొహం వేస్తుంది, అప్పుడు నేను సంచిలోంచి సూదీ దారం తీసి పక్క కుట్లు విప్పి పావుగంటలో సరిచేస్తాను. 'అమ్మా, నువ్వు లేకపోతే ఏమయ్యేదాన్ని' అని నా మెడ పట్టుకుంటుంది. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

పట్టా ఇచ్చే రోజు పొద్దున్నే ఆమే నేనూ బస్సులో హాస్టలుకు వెళ్ళాం. ఆమె ఒళ్ళో గౌను, నా సంచిలో చిన్న కత్తెర, సూదులు, నెమలికంఠం రంగు దారపు ఉండ. గదిలో పిల్ల గౌను తొడుక్కుంటున్నంతసేపూ నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. తలుపు తెరుచుకుంది.

పోత పోసినట్టుంది. భుజం భుజం మీద, నడుము నడుము దగ్గర. చంక కింద ఒక్క ముడత లేదు. నా చీర అంచు దాని పాదాల చుట్టూ తిరిగింది. నా కూతురు అంత అందంగా ఉంటుందని నాకే తెలియదు. సంచి పట్టుకున్న చెయ్యి సంచి మీదే ఉండిపోయింది.

సభలో మిగతా పిల్లల తల్లులు చుట్టూ చేరి ఎవరు కుట్టారని అడిగారు. "చీర మా అక్కది, ఆది మా అక్క ఇచ్చిందే. నేను మిషను తొక్కానంతే," అంది మా తోడికోడలు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ ఆదితో కుడితే అలా కుదరదని మా ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పిల్ల మాతోనే ఇంటికి వచ్చింది. ముందుగదిలో గౌను విప్పి కొక్కేనికి తగిలించింది. నేను దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూశాను, ఎక్కడైనా వంక దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఇక నా వల్ల కాలేదు.

"ఆది తప్పుది ఇచ్చానే. కావాలనే ఇచ్చాను," అన్నాను మిషను వైపు చూస్తూ.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పిన్ని ఫోన్ చేసింది. 'మీ అమ్మ పని హడావుడిలో పొరపాటున పాతది ఇచ్చినట్టుంది, పాపం అడిగితే నొచ్చుకుంటుంది, నువ్వే టేపు పెట్టుకుని కొలతలు చెప్పు' అంది."

"పొరపాటనే అనుకుందా?"

"పిన్ని అలాగే అనుకుంది. నేను అనుకోలేదు."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను," అని జుట్టు ముడేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఎదురుగా అద్దాల షాపులో దీపం వెలిగింది. ఆమె తల లేని బొమ్మకు రేపటి చీర చుడుతోంది. నేను కన్న కూతురు నన్ను నమ్మలేదు, ఆమె నమ్మింది. నన్ను నమ్మడానికి ఈ ఇంట్లో ఇంకెవరూ దొరకనట్టు, ఆమే కావాలా!