కాక వెతికిన ఊపిరి

మా కాక పోయాడు. ఈ మాట రాశాక కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. పొద్దున డ్యూటీకి వెళ్తూ చూసిన మనిషి. వాళ్ళింటి గేటు దగ్గర నిలబడి, సీలు తీయని కొత్త డిస్కు పైకెత్తి చూపిస్తూ, "సాయంత్రం జల్దీ రా బిడ్డా, ఇద్దరం కలిసి ఇందాం" అన్నాడు. సుల్తాన్‌పూర్‌లో మేం సిరంజీలు తయారుచేసే గదిలోకి ఫోన్లు రానివ్వరు. టీ టైముకు లాకరు తెరిస్తే ఫోను నిండా మిస్డ్ కాల్సు. తిరిగి చేస్తే, గుండెపోటట. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. "ఏ కాక?" అని అడిగాను. నాకున్నది ఒక్క కాకే.

చుట్టం కాదు, పటాన్‌చెరులో మా పక్కింటాయన. కొండాపూర్ వైపు రైతు కుటుంబం. పొలం అన్నకు వదిలేసి ఇక్కడ రేకులు వంచే ఫ్యాక్టరీలో చేరాడు. మిషన్ల చప్పుడుకు ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. అట్లాంటి మనిషికి పాత డాన్సు బ్యాండ్ల పిచ్చి! ఎప్పుడో బొంబాయి హోటళ్ళలో దొరలూ దొరసానులూ డాన్సు చేస్తుంటే వాయించిన క్లారినెట్లు, ట్రంపెట్లు. ఆనాటి రికార్డులను ఇప్పుడు శుభ్రం చేసి మళ్ళీ డిస్కులుగా వేస్తున్నారు. వాటిని వెతికి వెతికి తెప్పించుకునేవాడు.

ఆ పిచ్చి ఒక పొరపాటుతో మొదలైంది. తమ్ముడి పెండ్లి బరాత్‌కు పాటలు కావాలని బజారుకు వెళ్ళాడు. అట్ట మీద కోట్లు తొడుక్కుని, బాకాలు పట్టుకున్న మనుషులు కనిపిస్తే మన పెండ్లి బ్యాండే అనుకున్నాడు. తీరా బరాత్ బండి మీద పెడితే ఇంగ్లీషు డాన్సు మోగింది. పెండ్లికొడుకు మొహం మాడిపోయింది. మనవాళ్ళు ఊరుకుంటారా? దానికే తీన్‌మార్ ఆడారు. "నేనైతే ఆడలే బిడ్డా. డబ్బా పక్కకే నిలబడి ఇన్న. గంతే, గండ్లనే పడిపోయిన" అని నవ్వేవాడు.

ఆయన దగ్గర ఒకే పాట ఉన్న వేరువేరు డిస్కులు చాలా ఉండేవి. అదొక క్లారినెట్ పాట. అది మొదలయ్యే ముందు వాయించేవాడు గాలి పీల్చుకున్న చప్పుడు, బరాత్‌లో పెట్టిన ఆ మొదటి డిస్కులో వినిపించేదట. ఆ డిస్కు గీతలు పడి పాడైంది. తర్వాత వచ్చినవాటిలో గరగర తీసేయబోయి ఆ ఊపిరిని కూడా తీసేశారు. కాకకు నిజంగానే కోపం వచ్చేది. "పాట ఎవలన్న వాయిస్తరు. ఊపిరి మాత్రం వానిదే. గది తీసేస్తే ఇంగేం మిగిలింది?" అనేవాడు.

కొత్త డిస్కు వస్తే నన్ను పిలవాల్సిందే. మంచి చెవి స్పీకరుకు ఆనించి, వేలు పైకెత్తి కూర్చునేవాడు. ఊపిరి లేకుండా పాట మొదలవగానే ఆ వేలు మెల్లగా కిందికి దిగేది. వంటింట్లోంచి చిన్నమ్మ అందుకునేది: "తెల్లారితే సచ్చినోళ్ళ ఊపిరి దేవులాడుడేంది? పప్పుల ఉప్పు సాలిందా లేదా, గది చెప్పు జెర!"

మా నాన్న పోయినప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ ధైర్యం చెప్పి వెళ్ళారు. కాక ఒక్కమాట కూడా చెప్పలేదు. రోజూ సాయంత్రం తన పక్కన కుర్చీ వేసి, "ఇన్నంక పో" అనేవాడు. ఆ పాటల్లో ఒక్క ముక్క నాకు అర్థమయ్యేది కాదు. అయినా ఆ కుర్చీలోనే నేను మళ్ళీ మనిషినయ్యాను.

ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. డప్పులు మోగుతున్నాయి. ఇక లేపుతారనగా చిన్నమ్మ లోపలికి వెళ్ళి, ఆ డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. సీలు కూడా తీయలేదు.

"ఇనకుండనే పోయె బిడ్డా. వెయ్యి."

"సావుకాడ డాన్సు పాటలేంది? నలుగురు నవ్వరా?" అన్నాడు కాక వాళ్ళ అన్న.

"నవ్వనియ్యి బావా. మా ఇంట్ల రోజూ సచ్చినోళ్ళే వాయిచ్చిండ్రు. ఇయ్యాల కొత్తనా?"

ఆయన పక్కకు జరిగాడు. డప్పులవాళ్ళు తమంతట తామే ఆపారు. స్పీకరు తెచ్చి కాక కుడిచెవి పక్కన పెట్టాను. సీలు చించి డిస్కు పెట్టాను. ఇందులో కూడా లేకపోతే? ఇన్నేళ్ళు వెతికిన మనిషికి చివరిసారి కూడా ఉత్త పాటే వినిపించి పంపాలా?

మీట నొక్కాను. ముందు గరగర. పొయ్యిలో తడి కట్టెలు చిటపటలాడినట్టు కాసేపు.

ఆ తర్వాత, క్లారినెట్ అందుకునే ముందు, ఒక మనిషి నిండుగా గాలి పీల్చుకున్నాడు.

చిన్నమ్మ చప్పున తలతిప్పి కాక ఛాతీ వైపు చూసింది. నేనూ చూశాను.