పిలవని పెండ్లిల దాల్చ

నా పరువు పద్మారావు నగర్‌ల ఒక ఫొటో స్టూడియోల, గోడంత టీవీల, ఎన్కనుంచి సన్నాయి పెట్టి మరీ పోయింది. ఎట్ల పోయిందో చెప్త, నవ్వుండ్రి. తినుకుంట మాత్రం చదువకుండ్రి, పొలమారుతది. అక్షరాలు నేను యాభై దాటినంక నేర్చుకున్న. రాసుడు వచ్చింది గని, దాచి రాసుడు ఇంకా రాలేదు.

మా బిడ్డ లావణ్య పెండ్లి కుదిరినప్పటి ముచ్చట ఇది. మెట్టుగూడల మా ఇంట్ల మొట్టమొదటి లొల్లి, పెండ్లి పనులు ఎవరు మాట్లాడాలె అని.

"ఈవెంటోళ్లకు అప్పజెప్దాం. పందిరి కాడికెంచి పాన్ దాంక వాళ్లే చూస్కుంటరు. మనం కుర్చీల కూసుంటే ఐపాయె," అన్నడు మా ఆయన.

"పెండ్లి మనదా, వాళ్లదా? వంటోళ్లను నేనే మాట్లాడుత."

నా పెండ్లిల పంక్తి నడుమ కూర ఐపోయింది. మా నాయిన ఖాళీ గరిట పట్టుకొని చుట్టాల ముందట నిలవడ్డది ఇయ్యాల్టికీ నా కండ్లల్ల ఉన్నది. అందుకే ఈ ఒక్క పని నేను ఎవ్వరికీ ఇయ్యదల్చుకోలే.

"సరె తియ్యి. గని వియ్యపోళ్ల ముందట పరువు పోయే పని ఒక్కటి చేసినవో, తెల్లారి ఈవెంటోళ్లకు ఫోనే," అన్నడాయన.

వియ్యపోళ్లంటే ఎవరనుకున్నరు? పిలగాని తల్లి సుశీల వదిన. మాటను బంగారం తూచినట్టు తూచి మాట్లాడుతది. ఇస్త్రీ చేసిన మనిషి. ఆమె ముందట తుమ్మాలన్నా నాకు భయమే.

బోయిగూడల యాదగిరి అని వంటల కాంట్రాక్టరు ఉన్నడంటే పోయి కలిసిన. "రుచి చూడకుంట ఎట్ల ఒప్పుకోవాలె?" అన్న.

"గురువారం పద్మారావు నగర్ ఫంక్షన్ హాల్ల నా వంటనే పెద్దమ్మా. ఎన్క గేటు నుంచి వంటకాడికి రా, ప్లేట్ల పెట్టిస్త. అందరికీ గట్లనే చూపిస్త," అన్నడు.

ఆ పొద్దుమీకి సుశీల వదిన ఫోన్ చేస్తే సుత ఈ ముచ్చటే చెప్పిన. "యాదగిరిని చూస్తున్న వదినా, గురువారం ఆయన వంట ఉన్నదట పద్మారావు నగర్‌ల."

"మాదేమున్నది వదినా, మీరు ఏం పెడితే అది తింటం," అన్నది, ఎంతో మర్యాదగ.

గురువారం వచ్చింది. ఇగ నా తెలివి పనిచేసుడు షురూ అయింది. ఎన్క గేటు కాడ వంటోడు చూపిచ్చి పెట్టేది వేరే, పంక్తిల పడేది వేరే. అసలు సంగతి తెల్వాలంటే ముందటి గేటు నుంచే పోవాలె! పట్టుచీర కట్టిన, మల్లెపూలు పెట్టిన. మా ఆయనకు ఎల్లమ్మ గుడికని చెప్పిన.

గేటు కాడ పన్నీరు చల్లే ఆమె అడిగింది, "ఎవరి తరపమ్మా?"

"మనోళ్లమే," అన్న. అబద్ధం కాదు గదా, మనుషులమే గదా.

పిలగానోళ్లు నన్ను పిల్లోళ్ల చుట్టమనుకున్నరు, పిల్లోళ్లు పిలగానోళ్ల చుట్టమనుకున్నరు. ఎవరో చెయ్యి పట్టి స్టేజి ఎక్కించిన్రు. అక్షింతలేసిన. పిల్ల వంగి కాళ్లు మొక్కింది. నేను కండ్లనీళ్లు సుత పెట్టుకున్న. పెండ్లంటే పెండ్లే గదా, ఎవలదైతేంది?

అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటరు. నేను ఏ గిన్నెనూ నారాజు చెయ్యలే. నోట్ల బగారన్నం ముద్ద ఉన్నది, గప్పుడే మొఖం మీద లైటు పడ్డది. ఒకాయన మైకు పెట్టి, "అమ్మా, జెర నాలుగు మాటలు చెప్పుండ్రి," అన్నడు.

యాదగిరి ఎంత మంచోడు, వంటెట్లుందో అడిగి రమ్మని మనిషిని తోలిండు, అనుకున్న. ముద్ద మింగి మొదలువెట్టిన.

"బగారన్నం ఫస్ట్ క్లాస్. గుత్తివంకాయల నూనె ఎక్కువైంది బిడ్డా, వంకాయలు ఈత కొడుతున్నయి. ఇగ దాల్చ... దాల్చల పప్పు లేదు. సొరకాయ ముక్క ఒక్కటి తప్పిపోయిన పిల్ల లెక్క తిరుగుతున్నది."

ఆయన బీరిపోయి, "పెండ్లిపిల్ల గురించి అమ్మా..." అన్నడు.

"పిల్లకేమైంది? బంగారం! పాపం, ఈ దాల్చ తిని కాపురం షురూ చెయ్యాలె."

ఇంటికి వచ్చినంక యాదగిరికి ఫోన్ చేసి, నూనె తగ్గియ్యి, పప్పు పెంచు అని ఒప్పిచ్చి ఖాయం చేసిన. "చేతులేందే మసాలా వాసనొస్తున్నయి?" అన్నడు మా ఆయన. "ప్రసాదం," అన్న. ఐపోయిందనుకున్న.

పది దినాలకు మా పెండ్లికి వీడియో తీసెటోళ్లను మాట్లాడెటందుకు రెండిండ్లోళ్లం కలిసి ఆ స్టూడియోకు పోయినం. మేమిద్దరం, సుశీల వదిన, ఆమె పెనిమిటి.

"మా పనితనం చూడుండ్రి," అని స్టూడియో ఆయన ఒక పెండ్లి వీడియో పెట్టిండు. పూలు, పందిరి, సన్నాయి. వదిన "బాగుంది, బాగుంది" అని తలూపుతున్నది. గంతల టీవీ నిండ ఒక నోరు. నా నోరే! దవడలు ఆడుతున్నయి, ముక్కు మీద మెతుకు.

"...దాల్చల పప్పు లేదు..."

స్టూడియో ఆయన పడి పడి నవ్వుతున్నడు. "ఇదే మా హిట్టు పీసు సార్! ఈమె ఎవరో రెండు దిక్కులోళ్లకూ తెల్వదట..." అనుకుంట ఇటు మల్లి నన్ను చూసిండు. టీవీల మొఖం, నా మొఖం మార్చి మార్చి చూసిండు.

మా ఆయన నెమ్మదిగ అడిగిండు, "ఎల్లమ్మ గుడి ఇదేనా?"

జేబులకెంచి ఫోన్ తీసిండు. నాకు తెలుసు, ఈవెంటోళ్లకే. నా బిడ్డ పెండ్లి వంట నా చేతిలకెంచి పోతున్నది. సిగ్గుతోని టీవీ దిక్కే చూసుకుంట నిలవడ్డ. గప్పుడు కనవడ్డది. తెర మీద నా భుజం ఎన్క, దాల్చ గిన్నె కాడ, కొంగు సగం మొఖం దాంక గుంజుకొని ప్లేటు పట్టుకున్న ఒక ఆడమనిషి. చిలకపచ్చ చీర.

"ఆగు బిడ్డా. జెర ఎన్కకు తిప్పు."

"ఎందుకు వదినా, ఐపోయింది గదా!" అన్నది సుశీల వదిన. ఆమె అంత జల్ది మాట్లాడంగ అదే మొదటిసారి ఇన్న.

ఎన్కకు తిప్పిండు. బొమ్మ ఆగింది. వదిన పెనిమిటి కండ్లద్దాలు సవరించుకొని టీవీ దగ్గరికి పోయి, మల్లొచ్చి పెండ్లాం దిక్కు చూసిండు.

"గురువారం కండ్ల డాక్టర్ కాడికి పోయిన అంటివి గదనే?"

మా ఆయన ఫోన్ మెల్లగ మల్లా జేబుల పెట్టిండు. వదిన నా దిక్కు చూసింది, కొంగు సర్దుకున్నది, మాటను ఎప్పటిలెక్కనే తూచి తూచి అన్నది:

"దాల్చల పప్పు నిజంగనే లేదు వదినా."

మా లావణ్య పెండ్లిల దాల్చ ఎంత చిక్కగున్నదంటే, గరిట నిలవెడితే సెల్యూట్ కొట్టింది. పంక్తిల ఆఖరి మనిషి దాంక అందింది. ఇగ ఎల్లమ్మ తల్లి మీద, ఆ దాల్చ గిన్నె మీద ఒట్టేసి చెప్తున్న: ఈ జన్మల పిలవని పెండ్లికి నేను ఒక్కదాన్నే పోను. పోతే సుశీల వదినను తోల్కొనే పోత, కెమెరా దిక్కు వీపు పెట్టే తింట.