కాలువ గట్టు మీద పగిలిన పెంకులు

తరతరాలుగా వ్యవసాయం చేసుకుని బతికిన ఇంట్లో పుట్టి, ఇరవై ఆరేళ్ళ వయసులో నేను పెంకులు కాల్చే ఆవం పెట్టాను. రాజమహేంద్రవరానికీ ధవళేశ్వరానికీ మధ్య, గోదావరి గట్టుకు ఇవతల, పంటకు పనికిరాదని మా నాన్న వదిలేసిన మెరక చెక్క మీద. మన వాళ్ళలో మట్టి తొక్కి బతికినవాడు ఎవడైనా ఉన్నాడా అని మా పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. నేను వినిపించుకోలేదు. ఆ వయసులో వినడమనే అలవాటే నాకు లేదు.

నా లెక్క తప్పేమీ కాదు. ఆనకట్ట నీళ్ళు వచ్చాక చేతిలో నాలుగు గింజలు మిగిలినవాడల్లా తాటాకు తీసేసి పెంకు వేయించుకోవాలని చూస్తున్న రోజులవి. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే పేటకు పేట తగలబడిపోయేది. పెంకు కావలసినవాళ్ళు వేలమంది, కాల్చి ఇచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు.

వ్యాపారం చేతకావాలి కదా అని వర్తకుల వెంటపడి తిరిగాను. రేవులో పెద్ద కలప వర్తకుడు ఒకాయన, గోదావరి మీద దుంగలు దింపుకునేవాడు, అడిగినవాడితో లేదని మాత్రం అనకు, ముందు ఒప్పుకో, తంటాలు తర్వాత పడు అని చెప్పాడు. తునిలో బెల్లం వ్యాపారం చేసే మా దూరపు బంధువు ఇంకో ఉపాయం చెప్పాడు. పక్కవాడు నెల గడువడిగితే నువ్వు ఇరవై రోజులు చాలని చెప్పు అన్నాడు. ఈ రెండూ నాకు వేదవాక్కులయ్యాయి. అలా ఒప్పుకున్న తర్వాత సరుకు పాడైతే ఏం చేయాలని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నా ఆవానికి దిక్కు ఒక ముసలి కుమ్మరి. అరవై దాటిన మనిషి. కొడుకులిద్దరూ సారె తిప్పేవాళ్ళు, కోడళ్ళు మట్టి పిసికేవాళ్ళు, ఆవం పేర్చడం, కాల్చడం మాత్రం ఆయన ఇంకొకరి చేతికిచ్చేవాడు కాదు. నేను తాతా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను బాబుగారూ అనేవాడు. మూడేళ్ళలో ఆయన చేతి పెంకు గురించి ఒక్క ఫిర్యాదు రాలేదు. అది నా తెలివి వల్లేనని నేను అనుకునేవాణ్ణి.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళిన నెలకు, కాలువ దిగువన ఒక పల్లె నుంచి పంతులుగారొకాయన వచ్చాడు. మిషను వాళ్ళ బడిలో చదువు చెబుతూ ఆదివారాలు ప్రార్థన చేయించే మనిషి. వాళ్ళ తాటాకు గుడి కిందటి వేసవిలో కాలిపోయింది. కొత్తగా మట్టిగోడలు లేపుకున్నారు. తొలకరి పడేలోగా కప్పు పడకపోతే ఆ గోడలు కరిగి కూలిపోతాయి. రాజమహేంద్రవరంలో పెంకుల వ్యాపారి వానలు వెళ్ళాక చూద్దామన్నాడట. నేను వెనకాముందూ చూడకుండా, కాలువ కట్టేసే లోపల పెంకు మీ గట్టు మీద ఉంటుందని మాటిచ్చాను. ఆయన రెండు చేతులూ జోడించి, "మీ మాట మీదే ఉంటామండి" అన్నాడు. వచ్చిన బేరం పోనివ్వలేదని ఆ సాయంత్రం నాకు ఎంత గర్వమో చెప్పలేను.

కాలువ కట్టేయడమంటే ఏమిటో డెల్టాలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఏటా ఎండాకాలంలో పూడిక తీయడానికి, లాకుల తలుపులు బాగుచేయడానికి నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళాగితే పడవ ఆగినట్టే. ఇక బళ్ళ మీద పంపితే ఆ గతుకుల బాటల్లో పెంకులో సగం పిండైపోతుంది. మా సరుకుకు పడవ తప్ప దారి లేదు.

ఆ ఏడు అకాల వర్షం ఒకటి పడి పచ్చి పెంకు ఆరలేదు. ఆవం ముట్టించేసరికి పది రోజులు ఆలస్యమైంది. మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు కాల్చి, నోరు మట్టితో మెత్తి మూసేశాడు ముసలాయన. ఇక దానంతటది చల్లారాలి. ఆ చల్లారే రోజుల్లో ఆవాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అలా మూసిన మూడో రోజు, మంగళవారం, లాకుల దగ్గర నోటీసు అంటించారని పడవ సరంగు కబురు తెచ్చాడు. శనివారం పొద్దు గూకేసరికి తలుపులు మూసేస్తారు.

ఇక నేను కాలుగాలిన పిల్లిలా ఆవం చుట్టూ తిరిగాను. గంటకోసారి మట్టిగోడ మీద అరచెయ్యి పెట్టడం, చురుక్కుమంటే తీసేయడం. గురువారం పొద్దున్న పెడితే కొంచెంసేపు ఆనింది. చాలనిపించింది. ముసలాయన వచ్చి తనూ చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా మూడ్రోజులు ఆగాలండి బాబుగారూ. పైకి చల్లగానే ఉంటదండి, లోపలింకా సెగ ఆరలేదండి."

మూడు రోజులంటే ఆదివారం. ఆదివారానికి కాలువలో బురద ఉంటుంది. పంతులుగారి గోడలు నా కళ్ళ ముందు కరిగిపోతున్నాయి. నిజం చెప్పాలంటే వాటికన్నా ముందు, మాట తప్పినవాడు అని రేవులో నలుగురూ నవ్వుకోవడం నా చెవుల్లో వినబడింది. అరికాలి మంట నెత్తికెక్కింది. మీ సాకులకు నా వ్యాపారం మునిగిపోతోందని కేకలేశాను. చివరికి అనకూడని మాట అనేశాను.

"ఆవం నాది తాతా. తియ్యమంటే తియ్యడమే నీ పని."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, చేతులు కడుక్కుని సారెల పాకలోకి వెళ్ళి కూర్చున్నాడు. కూలివాళ్ళను పెట్టి నేనే నోరు తీయించాను.

గోదావరి మీంచి చల్లగాలి వీస్తోంది. సందు దొరకగానే అది ఆవంలోకి దూరింది. లోపల్నుంచి చిన్న చప్పుడు మొదలైంది. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు, ఒకటి, రెండు, తర్వాత ఎడతెగకుండా. కూలివాళ్ళు నా వంక చూశారు. నేను కట్టె చల్లారే చప్పుడన్నాను. కానీ నాకు తెలుసు. చల్లటి గాలి తగిలితే వేడి పెంకు బీటలిస్తుంది. వెంట్రుకంత బీట, కంటికి కనబడదు. కొట్టి చూస్తే తెలుస్తుంది. మంచి పెంకు కంచులా ఖంగుమంటుంది, బీటపడింది మొద్దుగా పలుకుతుంది. ఎవరూ చూడకుండా రెండు పెంకులు తీసి వేలితో కొట్టాను. ఒకటి మోగింది, ఒకటి మోగలేదు. ఆ రెండూ తిరిగి దొంతరలో పెట్టేశాను.

ఆ పూట నా మనసు ఎంత త్వరగా నాకు వకాల్తా పుచ్చుకుందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాన పడేదాకా బయటపడదు, పడ్డా కప్పు వేసినవాడి తప్పంటారు, పంతులుగారికి పెంకు కొట్టి చూడటం తెలియదు, పైగా నా మాట మీదే ఉంటానన్నాడు కదా! గడ్డి పరిచి, వేడి ఇంకా పోని పెంకును శుక్రవారం బాగా పొద్దుపోయేసరికి పడవకెత్తించాను. తాడు విప్పబోతుండగా ముసలాయన చిన్న మూట చంకన పెట్టుకుని వచ్చి పడవెక్కాడు. ఎందుకని అడగకుండానే తాడు విప్పమన్నాను.

శనివారం పొద్దున ధవళేశ్వరం చేరేసరికి లాకుల ముందు పడవలు బారులు తీరి ఉన్నాయి. ధాన్యం పడవలు, ఉప్పు పడవలు, అందరిదీ ఒకటే తొందర. ముందు సర్కారు సరుకన్నారు. ఎండ మాడ్చేస్తోంది. పడవొకటి లోపలికి వెళ్ళడం, తలుపులు మూయడం, నీళ్ళు దిగడం, అవతలి తలుపులు తీయడం. ఒక్కో పడవకు నా ప్రాణం పోయి వచ్చేది. లాకు మనిషిని నేను బతిమాలిన తీరు మా నాన్న చూసి ఉంటే తలదించుకునేవాడు. సాయంత్రం దాకా నిలబెట్టి, చివరి పడవల్లో ఒకటిగా మమ్మల్ని వదిలారు. మా వెనక తలుపులు మూసుకున్నాయి. గెలిచానన్న సంతోషం కలగాలి, కలగలేదు. అణియంలో, పడవ ముందు కొసన, ముసలాయన అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ పల్లెలో నలుగురి ముందూ నా గుట్టు బయటపెట్టడానికే వస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది. తగ్గిపోతున్న నీళ్ళలో, గట్టు మీంచి తాడు లాగేవాళ్ళ వెంట పడవ మెల్లగా కదులుతోంది.

ఆదివారం పొద్దున్న చేరాం. ప్రార్థన అయిపోయినట్టుంది, పేటంతా గట్టు మీదికి వచ్చింది. కూలి చేసుకు బతికేవాళ్ళు, ఉతికిన బట్టలు కట్టుకుని, చుట్టకుదుళ్ళు చేతిలో పట్టుకుని పెంకులు మోయడానికి సిద్ధంగా ఉన్నారు. పంతులుగారు సంతోషం పట్టలేక చెప్పుకుపోతున్నాడు. ఇంటింటా ఆడవాళ్ళు వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి గుడి కుండలో వేసేవారట. పస్తున్న రోజు తప్ప మానలేదట. అలా గుప్పెళ్ళతో కూడబెట్టిన బియ్యం అమ్మి ఈ పెంకు కొన్నారట. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా, ఎత్తండి, ఎత్తండి, ఎండెక్కుతోంది అన్నాను.

మొదటి దొంతర గట్టెక్కగానే ముసలాయన దాని పక్కన చతికిలబడ్డాడు. ఒక పెంకు తీసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టాడు. మోగింది. పక్కన పెట్టాడు. ఇంకొకటి కొట్టాడు. మోగలేదు. అందరూ చూస్తుండగా దాన్ని రాయి మీద వేసి పగలగొట్టాడు.

జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నేను ఆయన పక్కన వంగి, పళ్ళు కొరుకుతూ, లే తాతా అన్నాను. ఆ క్షణాన ఆయన గొంతు నులిమేయాలనిపించిన మాట నిజం.

"మీరలా నీడన కూర్చోండి బాబుగారూ" అన్నాడు మెల్లిగా. ఇంకో పెంకు తీశాడు.

పంతులుగారు దగ్గరికి వచ్చి ఏమిటిదని అడిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను. గుడ్లప్పగించి ముసలాయన నోటి వంకే చూస్తూ ఉండిపోయాను.

"ఆవానికి గాలి తగిలి కొన్ని చెడ్డాయండి" అన్నాడు ఆయన. "కొట్టి చూసి, మంచియ్యే ఇచ్చి రమ్మన్నారండి మా బాబుగారు. తక్కువైనయ్యి కాలువకి నీళ్ళొదలగానే ఊరికే పంపిస్తానన్నారండి."

నేను తల ఊపాను.

మధ్యాహ్నం దాటేదాకా కొట్టి చూశాడు. మూడో వంతు పెంకు ముక్కలై గట్టు మీద ఎర్రగా పరుచుకుంది. మిగిలింది గోడల మీదుగా చుట్టూ వచ్చేలా వేసి, నడిమి కప్పుకు ఆ ఏటికి తాటాకు వేసుకుందామని వాళ్ళే తేల్చుకున్నారు. గోడలు నిలబడతాయి, మాకదే చాలన్నారు. పంతులుగారు అందరినీ మోకరింపజేసి, ఇంత నిజాయితీగల మనిషిని తమ దగ్గరికి పంపినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఆ ప్రార్థన సాగుతున్నంతసేపూ నేను ఆ పెంకు ముక్కల మధ్య నిలబడి ఉన్నాను.

కాలువలో నీళ్ళు లేవు గనక పడవను అక్కడే వదిలి తిరిగి గట్టెంబడే నడిచి వచ్చాం. చాలా దూరం వచ్చాక, ఎందుకలా చెప్పావని అడిగాను.

"రేపు మళ్ళీ ఆవం వెయ్యాలి కదండీ" అన్నాడు. నాలుగడుగులు వేసి, "మా పిల్లలకీ ఆ ఆవమే కదండీ కూడు పెట్టేది" అన్నాడు.

అంతకుమించి ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. కాలువకు నీళ్ళు వదిలిన వారానికి తక్కువైన పెంకు పంపించాను. ఆ తర్వాత కాలువ పొడుగునా పడవలవాళ్ళు కథ మోసుకుపోయారు. తన సరుకు తానే పగలగొట్టుకునే పిచ్చివాడున్నాడు, కొంటే వాడి దగ్గరే కొనాలని. రైతులు వెతుక్కుంటూ వచ్చారు. రెండో ఆవం పెట్టాను, తర్వాత మూడోది. కొనేవాడి గట్టు మీద కొట్టి చూపించి ఇవ్వడం మా పద్ధతి అయింది. అదేం ఎత్తండీ అని కలప వర్తకుడే మెచ్చుకున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పాలనుకున్న సందర్భాలు లేకపోలేదు. చెబితే ఏం పోతుందో నాకు బాగా తెలుసు.

పదకొండేళ్ళ తర్వాత ముసలాయన పోయాడు. పెద్దకర్మ నాడు వెళ్ళాను. అంత దూరం నుంచి పంతులుగారూ వచ్చి, ఊరి బయట పేటవాడు గనక గడప దాటకుండా వీధిలోనే నిలబడ్డాడు. అక్కడ చేరినవాళ్ళకు ఆయనే ఆనాటి కథ మొదలుపెట్టాడు. నేను ఎలా చెప్పి పంపానో, ముసలాయన ఆ మాట ఎలా జవదాటకుండా ఎండలో కూర్చుని ఒక్కొక్క పెంకూ కొట్టి చూశాడో చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆయన కొడుకులకు వాళ్ళ నాన్న మంచి పేరును తిరిగి ఇచ్చేయడానికి అంతకన్న మంచి సమయం మళ్ళీ రాదు. గొంతు దాకా వచ్చింది.

కథ ముగించి పంతులుగారు కళ్ళు తుడుచుకున్నాడు. కొడుకులిద్దరూ లేచి, మా నాన్నకు మీవంటి యజమాని దొరకడం అదృష్టమండి అంటూ వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఆ దణ్ణం తీసుకుని నేను ఇంటికి వచ్చేశాను.